మొక్క కొనాలంటే ఏ పక్కకు పోవాల

లక్కూరు మాలూరు తాలూకాలో ఒక హోబళి. ఒక పక్క మాలూరు, ఇంకో పక్క పోతే తమిళనాడు సరిహద్దు, హోసూరు. తెలుగు, కన్నడ రెండూ ఒకే నోట్లో నడుస్తాయి మాకు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. చెరువు, బోరు, అంతే. మొక్కల మాట చెప్తా అని నీళ్ల మాట ఎత్తినాడేమి అనుకోవద్దు. ఈడ మొక్క బతికేదీ చచ్చేదీ నీళ్ల దగ్గరే తేలిపోతుంది.

మిల్లు పని అయిపోయి ఊరికి వచ్చినాక ఇంటికి మొక్కలు తెచ్చే పని నాకు పడింది. అందుకని నాలుగు పక్కలా తిరిగినాను.

ముందు టెంపో సంగతి. మైకు పెట్టుకుని వీధిలోకే వస్తుంది. ధర తక్కువ, ఆడవాళ్లు గడప దాటకుండానే కొనుక్కోవచ్చు. మందారం, తులసి అయితే తీసుకోండి, ఫరవాలేదు. గులాబీ అయితే అంటు కట్టిన చోటు చూడాల. ఆ ముడి మట్టిపైన కనపడాల. ముడికి కింద చిగురు వస్తే అది అడివి గులాబీ, దాన్ని గిల్లేయకుంటే పైదాని బలం అంతా అదే తినేస్తుంది. ఇది అడిగేదానికి రేపు ఆ టెంపో మన వీధిలో ఉండదు.

హోసూరు పక్క గులాబీ తోటలు, పాలీహౌసులు పేరు పడినవి. ఆ పక్క నర్సరీలకు పోతే కండ్లు చెదురుతాయి, ఆకు మీద దుమ్ము కూడా ఉండదు. ఇంటికి తెచ్చి పెడితే కొన్నాళ్లకే ఆకు రాలుస్తుంది. మిల్లులో పని చేసిన వాళ్లకు దీని కారణం నేను చెప్పాల్సిన పని లేదు. స్పిన్నింగులో దారం తెగకుండా గాలికి తేమ పట్టించేవాళ్లు కదా. ఆ తేమ తగ్గిన రోజు ఎన్ని కొసలు అతికించినామో మన వేళ్లకు తెలుసు. పాలీహౌసు మొక్క కూడా అంతే, తేమలో పెరిగింది. దాన్ని తెచ్చి రేకుల ఇంటి ముందర మార్చి ఎండలో నిలబెడితే అదేం చేస్తుంది పాపం? కొనేటప్పుడు "ఇది బయట నీడలోకి వచ్చి ఎన్ని రోజులైంది?" అని అడగండి. పది పదహైదు రోజులు బయట ఉండిందే తీసుకోండి.

మాలూరులో రైలెక్కితే బెంగళూరు. లాల్‌బాగ్ హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట. జనవరి 26కూ ఆగస్టు 15కూ గాజు ఇంట్లో పూల ప్రదర్శన పెడతారు. తప్పకుండా చూడాల, పిల్లల్నీ తీసుకుపోవాల. మొక్క కొనేదానికి మాత్రం ఆ రోజుల్లో పోవద్దు. ఆ జనంలో, రైల్లో, కుండీ మన చేతికి వచ్చేసరికి సగం నలిగిపోతుంది. మామూలు రోజు పోతే అడిగిన దానికి నిదానంగా జవాబు చెప్తారు.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. నాతో బ్లోరూమ్‌లో పని చేసిన ఒకాయనకు దగ్గు. ఒక నర్సరీలో "గాలి శుద్ధి చేసే మొక్కలు, ఊపిరితిత్తులకు మంచిది" అని బోర్డు పెట్టి ఆయనకు ఆరు కుండీలు అంటగట్టినారు. పన్నెండు వందలు. ఈ మాట పుట్టింది 1989లో, అమెరికా నాసా వాళ్లు మూసిపెట్టిన పెట్టెలో మొక్కలు ఉంచి చేసిన పరీక్షలో. మన ఇల్లు మూసిన పెట్టె కాదు. 2019లో ఇంకో అమెరికా పరిశోధకులు పాత లెక్కలన్నీ మళ్లా వేసి చూసినారు. కిటికీ తెరిస్తే వచ్చే గాలికి సమానం కావాలంటే ఇల్లంతా కాలు పెట్టే చోటు లేకుండా మొక్కలే ఉండాలని తేల్చినారు. పైగా ముప్పై ఏండ్లు పత్తి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఇవి, మనీప్లాంటుకు లొంగుతాయా? అయిదేండ్లు ఇఎస్ఐ కట్టి వయసు మీరి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ భార్యకూ వైద్యం దొరుకుతుంది. ఆయన ఆ కార్డు తిరగ రాయించుకోలేదు. కుండీలు మాత్రం వరండాలో వరసగా ఉన్నాయి. వాటిలో ఒకటి తెల్ల మచ్చల పెద్దాకుల డైఫెన్‌బాకియా. దాని ఆకు కొరికితే నోరు, నాలుక వాచిపోతాయి. ఇంట్లో పాకే మనవడు ఉన్నాడు. దాన్ని నేనే ఎత్తి గోడమీద పెట్టి వచ్చినాను.

నేను ఇప్పుడు కొనేది మాలూరు దారిలో చిన్న నర్సరీలో. పచ్చ వల కింద, మన మాదిరే బోరు నీళ్లతో, మన ఎర్రమట్టిలో పెంచుతాడు. రకాలు తక్కువ. క్రోటను, మనీప్లాంటు అయితే అదీ వద్దు, వానలు పడినాక పక్కింటి వాళ్లను ఒక కొమ్మ అడిగితే చాలు.

ఎక్కడ కొన్నా కుండీ ఎత్తి కింద రంధ్రం చూడండి. తెల్లటి వేరు కొస కనపడితే మంచిది. వేరు నల్లబడి మురుగు వాసన వస్తే ఊరికే ఇచ్చినా వద్దు. కవరు తిప్పి చూడనీయని చోట నేను కొనను. మాలూరు దారి ఆయన తానే తిప్పి చూపిస్తాడు, కాకపోతే మధ్యాహ్నం నిద్రపోతాడు, పొద్దున్నే పోండి.