బకెట్ నీళ్లతో మేడంత అద్దం!

సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో కాస్త తలెత్తి నడవండి. ఒకచోట 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చి. చుట్టుపక్కలంతా నేటి బ్యాంకులు, షోరూములు, ఆఫీసులు. అప్పట్లో గోడకో కిటికీ ఉండేది... ఇప్పుడు గోడంతా కిటికీయే!

బస్సుల పొగ, రోడ్డు దుమ్ము చేరేదీ ఆ అద్దాల మీదే. తుడవడానికి తాళ్లు కట్టుకుని పైనుంచి మనుషులు దిగుతుంటే కిందున్నవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. ఇంత మేడకు ఎన్ని ట్యాంకర్ల నీళ్లు కావాలో అనుకుంటున్నారా? పని తెలిసినవాళ్ల నడుముకు వేలాడేది ఓ చిన్న బకెట్టే. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో రుద్ది, రబ్బరు వైపర్‌ని పైనుంచి కిందికి లాగితే మురికీ నీరూ కలిసే దిగిపోతాయి. ఇటలీ నుంచి అమెరికా వలసవెళ్లిన ఎటోర్ స్టెకోన్ అనే అద్దాలు తుడిచే కార్మికుడు 1930ల్లో తీర్చిదిద్దిన పనిముట్టు ఇది.

మరి నీళ్లు వృథా అయ్యేదెక్కడ? పైపు పట్టిన చోట. ధార వదిలితే నిమిషానికి పది లీటర్లకు పైనే పోతాయి. పైగా బోరు నీళ్లయితే ఆరాక అందులోని లవణాలు తెల్లమచ్చలుగా మిగులుతాయి. మళ్లీ కడగాల్సిందే! లవణాలు తీసేసిన నీటిని పొడవాటి గొట్టపు బ్రష్‌తో పంపే పద్ధతీ ఉంది. దానికి నిమిషానికి ఒకటి రెండు లీటర్లు చాలు. తుడవక్కర్లేదు, మచ్చలూ పడవు. కానీ ఆ నీటిని ఆర్వో యంత్రంతో శుద్ధి చేస్తే మన వంటింట్లో మాదిరే కొంత నీరు బయటికి పోతుంది. దాన్ని పట్టి నేల కడగడానికి వాడితేనే పొదుపు.

ఇంత లెక్క ఎందుకంటే... జంటనగరాలకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అవి చాలక మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. కృష్ణ, గోదావరి నీళ్లయితే వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, పంపులతో ఎత్తిపోసి తెచ్చుకుంటున్నవి. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలతో ఎదురుచూసే వీధులున్న ఊరు మనది. ఆ వీధి పక్కనే అద్దాల మీదికి పైపు ఎత్తడం ఎంత ఖరీదైన మెరుపో!

ఇంట్లోనూ ఇదే సూత్రం. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులపండి. మగ్గు నీళ్లలో గుడ్డ తడిపి పిండి తుడవండి. ఆపై పాత పేపరుతో రుద్దండి. ఎండ పడుతున్నప్పుడు మాత్రం వద్దు... తుడిచేలోపే ఆరిపోయి చారలు పడతాయి. పేపరేదంటారా? ఇది కాదు, నిన్నటిది!