బడిపంతులు కట్టిన పాట

1897లో జొహానెస్‌బర్గ్ దగ్గర ఒక మిషన్ బడిలో ఇనోక్ సొంటోంగా అనే పంతులు ఖోసా భాషలో ప్రార్థనాగీతం కట్టాడు. ఆఫ్రికాను చల్లగా చూడమని దేవుణ్ణి వేడుకోవడం, అంతే. 1905లో ఆయన పోయాడు; సమాధి ఎక్కడుందో కూడా చాలాకాలం తెలియలేదు. పాట మాత్రం సభలెక్కింది. కవి ఎంఖాయి 1927లో మరో ఏడు చరణాలు చేర్చాడు. టాంజానియా, జాంబియా ఆ వరుసనే తమ జాతీయగీతాలకు తీసుకున్నాయి.

నన్ను పట్టేసింది మాత్రం దక్షిణాఫ్రికా జాతీయగీతంగా చేసుకున్న 1997 నాటి కూర్పు. వర్ణవివక్ష పాలకులు పాడుకున్న గీతాన్నే తెచ్చి సొంటోంగా పాటకు అతికించారు! మొత్తం ఐదు భాషలు. మధ్యలో శ్రుతి మారుతుంది, మొదటి శ్రుతికి తిరిగి రానే రాదు. శాస్త్రం తెలిసినవాళ్లు ముఖం చిట్లిస్తారేమో. నాకైతే ఆ అతుకును దాచకపోవడమే నచ్చింది.