ఆకాశం చూడని మనిషి

"ఔట్లు పేలినంతసేపూ పగలు మాదిరే ఉండింది సారూ. అయి ఆగినాక యాడేముందో తెలీలా. చెరువు మీద నల్ల కంబళి కప్పేసినట్టయింది."

ఈ మాట అన్నది చేపలు పట్టి బతికే ఒక పెద్దాయన. కొన్నేళ్ల కిందట, తెప్ప తిరణాల మర్నాడు పొద్దున, జలదంకిలో నా క్లినిక్ తలుపు తీసేసరికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ మణికట్టు వాచి వంకర తిరిగి ఉంది. ముందురోజు రాత్రి మా చుట్టుపక్కల ఒక ఊళ్లో అమ్మవారిని చెరువులో తెప్ప మీద తిప్పారు. తెప్ప వెంట నాలుగైదు చిన్న పడవలు, పడవ దొరకని కుర్రాళ్లు లారీ ట్యూబుల మీద. ఈయన ఒక పడవను గెడతో తోస్తున్నాడు. బాణసంచా అయిపోయి అందరూ ఒడ్డుకు మళ్లుతుంటే, ఆయన పడవ పోయి ట్యూబు మీదున్న ఇద్దరు పిల్లల్ని గుద్దింది. పిల్లల్ని పైకి లాగే తొందరలో ఆయన చెయ్యి పడవకూ తెప్పకూ మధ్య నలిగింది. పిల్లలు బతికారు. ఒకడికి ముందుపన్ను ఊడింది, అంతే.

"తాగి ఉన్నావా?" అని అడిగాను. మా వృత్తిలో ఆ అనుమానమే ముందు వస్తుంది.

"అమ్మోరి తెప్ప నాడు తాగుతానా సామీ" అని నొచ్చుకున్నాడు. కట్టు కట్టేటప్పుడు టార్చి వేసి కళ్లు చూశాను. రెండు కళ్లలోనూ శుక్లాలు, బాగా ముదిరినవి. అడిగిన మాటకు సిగ్గేసింది.

ఆయన చెప్పిన నల్ల కంబళి కల్పన కాదు. మన కంటి వెనక పొరలో మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరుగా ఉంటాయి. వాటిలో రొడాప్సిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. పెద్ద వెలుగు తగిలితే అది విరిగిపోతుంది. మళ్లీ తయారై, చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. సెకండ్ షోకి ఆలస్యంగా వెళ్లి ఎవరి ఒళ్లోనో కూర్చోబోయిన ప్రతివాడికీ ఇది అనుభవమే. వయసు పైబడితే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. శుక్లం ఉంటే వెలుగు సూటిగా లోపలికి పోకుండా చెదిరి, కంటి నిండా తెల్లగా పరుచుకుంటుంది. అరగంటసేపు ఎర్రవీ పచ్చవీ వెలుగులు చూసిన ఆ కళ్లతోనే, దీపం లేని చెరువులో, నల్లటి ట్యూబు మీద కూర్చున్న నల్లటి తలలను వెతుక్కుంటూ ఆయన పడవ నడిపాడు. ట్యూబుకు తగలకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అప్పటిదాకా బాణసంచా ప్రమాదమంటే నాకు కాలిన చేతులూ, దెబ్బతిన్న కళ్లే. దీపావళి మర్నాడు ప్రతి డాక్టరూ చూసేవే. ఆ పెద్దాయన వచ్చాకే, నీళ్ల మీద బాణసంచా సంగతి వేరని ఆలోచించడం మొదలుపెట్టాను. అందరి తలలూ పైకి లేచి ఉన్నప్పుడు కిందనున్న నీళ్లను ఎవరు చూస్తున్నారు?

ఈ ప్రశ్న మా మెట్ట మండలానిదే కాదు. 2012 అక్టోబర్ 1న హాంకాంగ్‌లో, విక్టోరియా హార్బర్‌లో జాతీయ దినోత్సవ బాణసంచా చూడటానికి ఒక విద్యుత్ కంపెనీ ఉద్యోగులు పెళ్లాం బిడ్డలతో పడవలో బయల్దేరారు. లామా ద్వీపం దగ్గర ఎదురుగా వచ్చిన ఫెర్రీ గుద్దింది. నిమిషాల్లో పడవ వెనక భాగం నీళ్లలోకి దిగిపోయింది. 39 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. విచారణలో తేలిందేమిటంటే, పడవలో నీళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి రాకుండా ఉండాల్సిన తలుపు అసలు పెట్టనేలేదు. పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లు లేవు. అదే ఏడాది జూలై 4 రాత్రి న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బేలో, బాణసంచా చూసి తిరిగివస్తున్న 34 అడుగుల పడవ తిరగబడింది. దాని మీద 27 మంది ఉన్నారు. ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఈ రెండు చోట్లా నిప్పురవ్వ ఎవరి మీదా పడలేదు.

చిత్రమేమిటంటే అదే జూలై 4 రాత్రి ఆ దేశానికి అవతలి ఒడ్డున, శాన్‌డియాగో రేవులో, పావుగంటకు పైగా సాగాల్సిన బాణసంచా మొత్తం కంప్యూటర్ తప్పిదంతో అర నిమిషంలోపే ఒక్కసారిగా పేలిపోయింది. రేవంతా మండినట్టు కనిపించింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. కాల్చే బల్లకట్లు దూరంగా ఉన్నాయి, చూసే పడవలను వాటి దగ్గరికి రానివ్వలేదు. మధ్యలో ఖాళీ నీళ్లున్నాయి. మనుషుల్ని కాపాడింది అదే.

మన హైదరాబాద్‌లో ఆ ఖాళీ లేకపోయింది. 2025 జనవరి 26 రాత్రి, హుస్సేన్‌సాగర్‌లో, పీపుల్స్ ప్లాజా దగ్గర భారతమాత మహా హారతి కార్యక్రమం ముగుస్తున్న వేళ, పడవ మీంచి బాణసంచా కాలుస్తుండగా నిప్పు అంటుకుంది. కాల్చే మనుషులూ, కాల్చాల్సిన సరుకూ నీళ్ల మీద ఒకేచోట ఉన్నారు. రెండు పడవలు కాలిపోయాయి. కొందరు నీళ్లలోకి దూకారు. తీవ్రంగా కాలిన ఒకతను ఆసుపత్రిలో చనిపోయాడు. గల్లంతైన కుర్రాడి శవం తర్వాత సాగర్‌లో దొరికింది. ఒకరిని నిప్పు తీసుకుంది, ఒకరిని నీరు తీసుకుంది.

పడవ మీద నిప్పు పుడితే చుట్టూ నీళ్లే కదా అనుకుంటాం. మందుగుండు దగ్గర ఆ లెక్క పనిచేయదు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిస్తే నల్లమందు. మండటానికి కావాల్సిన ప్రాణవాయువు ఆ సూరేకారంలోనే ఉంది. బయటి గాలితో దానికి పనిలేదు. తడి గోనెసంచి కప్పినా లోపల మండుతూనే ఉంటుంది. ఒక రవ్వ పోయి పేర్చిన సరుకు మీద పడితే ఏమవుతుందో 2016 ఏప్రిల్‌లో కేరళలోని పుట్టింగల్ గుడిలో చూశాం. అక్కడ వందమందికి పైగా పోయారు. అది నేల, పరుగెత్తడానికి చోటుంది. పడవ మీద అదీ లేదు.

మా తెప్ప ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. ఖాళీ ఆయిల్ డ్రమ్ములు, వాటి మీద వెదుళ్లు, వెదుళ్ల మీద బల్లలు. పైన పందిరి, పందిరికి కాగితప్పూలు, సిల్కు గుడ్డలు, సీరియల్ బల్బులు. ఆ బల్బులకు కరెంటు కోసం తెప్ప మీదే ఒక జనరేటరు, పక్కనే పెట్రోలు డబ్బా. పూజారి హారతి. ఇవన్నీ చాలవన్నట్టు ఒక మూల తారాజువ్వల కట్టలు. భద్రాచలంలో హంసవాహనం మీద రాములవారు గోదావరిలో తిరిగేటప్పుడూ, బెజవాడలో దసరా నాడు దుర్గమ్మ కృష్ణలో తిరిగేటప్పుడూ బాణసంచా ఉంటుంది. అక్కడ పోలీసులుంటారు, గజ ఈతగాళ్లుంటారు. ఊరి చెరువుకు ఎవరున్నారు? సోమశిల ప్రాజెక్టు నీళ్లొచ్చి చెరువు నిండిన ఏడాది ఊరికి సంబరం ఎక్కువ. నీళ్లూ ఎక్కువే.

ఇంకో ఏడాది అలాంటి తెప్ప మీంచే ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. వచ్చాడనడం తప్పు, ఆటోలో వేసుకొచ్చారు. చేతిలో తారాజువ్వ పట్టుకుని వెలిగించాడు. అది ఎగరకుండా చేతిలోనే పేలింది. చొక్కా అంటుకుంటే నీళ్లలో దూకాడు. చొక్కా పాలిస్టరు, కరిగి వీపుకు అతుక్కుంది. కుర్రాడు ఈతగాడే, కానీ కాలిన చేత్తో ఎంతసేపు ఈదుతాడు? వాడు మునిగిపోతుంటే పైన ఔట్లు పేలుతున్నాయి, కట్ట మీద జనం ఈలలు వేస్తున్నారు. మునిగే మనిషి సినిమాలో లాగా కేకలు వేయడు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరికే సందుండదు, అరుపుకెక్కడిది? ఆ చప్పుడులో అరిచినా వినపడదు. తెప్ప మీదున్న ఒక్క పూజారి, గంట పక్కన పెట్టి, "ఒరే, వాడేడీ?" అన్నాడట. ఆయన ఆ మాట అనకపోతే వాడు నా దాకా వచ్చేవాడు కాదు.

ఒడ్డుకు తీశాక ఏం చేశారో వింటే ఒళ్లు మండింది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పారు. తర్వాత పొట్ట మీద నొక్కారు. నీళ్లు కక్కించాలని వాళ్ల తాపత్రయం, ప్రేమతోనే చేశారు. కానీ అలా వచ్చేవి పొట్టలో నీళ్లు. వాటితోపాటు తిన్న అన్నం కూడా పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆగిన మెదడుకు ఉన్న గడువు నాలుగైదు నిమిషాలు. అది కాస్తా గిరగిరల్లో పోతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు అయిదుసార్లు ఊదాలి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము మధ్యన గట్టిగా, వేగంగా ముప్పైసార్లు నొక్కాలి, రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. ఆ రాత్రి వాడి అదృష్టం, తిప్పుతుండగానే దగ్గాడు.

కాలిన చోట కూడా అంతే. చెయ్యంతా తెల్లగా ఉంటే చర్మం ఊడిందేమోనని భయపడ్డాను. పళ్ల పేస్టు. దాని మీద ఎవరో ఇంకు కూడా పోశారు. నేను చేసిన మొదటి వైద్యం ఆ రెండూ కడగడం. కాలిన చోట ఇరవై నిమిషాలపాటు మంచినీళ్లు ధారగా పోయడానికి మించిన మందు ఊళ్లో లేదు. ఐసు పెట్టకూడదు. ఉంగరాలు, మొలతాడు, చేతి కంకణాలు వాపు రాకముందే తీసేయాలి. అతుక్కున్న గుడ్డను పీకకూడదు, చుట్టూ కత్తిరించి వదిలేయాలి. చెరువు నీళ్లలో మురికి ఉంటుంది కాబట్టి ఒడ్డుకొచ్చాక శుభ్రమైన నీళ్లతో మళ్లీ కడగాలి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించాలి. కంట్లో దెబ్బ తగిలితే మాత్రం నలపకూడదు, నొక్కి కట్టకూడదు, ఆముదమో చనుబాలో వేయకూడదు. కంటికి ఏమీ తగలకుండా ఒక కాగితపు కప్పు బోర్లించి అంటించి, పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఇవి రాయడం తేలిక. తిరణాల కమిటీ ముందు చెప్పడమే కష్టం. ఆ కుర్రాడి సంగతి జరిగిన మరుసటి ఏడాది పెద్దల్ని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాను. ఔట్లు తెప్ప మీద వద్దు, అవతలి కట్ట మీంచి కాల్చండి. జనరేటరును ఒడ్డున పెట్టండి. ట్యూబుల మీద పిల్లల్ని చెరువులోకి దించకండి. తెప్ప ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు తొడగండి. ఒకాయన నవ్వి, "డాక్టరుగారు టపాకాయలకు గూడా మందుచీటీ రాస్తుండాడే" అన్నాడు. నేనూ నవ్వాను. మన భాషలో మందు మూడు రకాలు. ఒకటి నా దగ్గర ఉంటుంది. మిగతా రెండూ ఒకే పడవ ఎక్కితే నా దగ్గరున్న దానితో పని పడుతుంది.

"మనోళ్లకు ఈత వచ్చు గదా" అన్నాడు ఇంకొకాయన. తోడేరు సంగతి గుర్తు చేశాను. పొదలకూరు మండలం, మన జిల్లానే. 2023 ఫిబ్రవరిలో పదిమంది కుర్రాళ్లు సరదాగా చెరువులో పడవెక్కారు. పడవ తిరగబడి ఆరుగురు పోయారు. బాణసంచా లేదు, తిరణాల లేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చివరికి అడిగింది ఇంకొకటుంది. దాన్ని వాళ్లు వింతగా చూశారు. "తెప్ప మీద ఒక మనిషి ఔట్లకు వీపు పెట్టి కూర్చోవాలి. పైకి చూడకూడదు. నీళ్లను మాత్రమే చూడాలి, తలలు లెక్కపెట్టాలి. ఔట్లు ఆగినాక అరగంట దాకా ఏ పడవా కదలకూడదు. ఆ అరగంటా భజన చేసుకోండి." భజన మాట బాగా పనిచేసింది. అభ్యంతరం రాలేదు.

వీపు పెట్టి కూర్చునే మనిషి ఎవరన్నదే తేలలేదు. ఏడాదికొక్కసారి వచ్చే వేడుక, ఎవరు వదులుకుంటారు? ఆ మణికట్టు పెద్దాయనే ముందుకొచ్చాడు. అప్పటికి రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. "నేను చూసినయి చాల్లే సారూ" అన్నాడు. ఆ రాత్రి కట్ట మీంచి నేను ఆకాశం సగం, ఆయన వీపు సగం చూశాను. తెప్ప మీద అందరి మొహాలూ ఎర్రగా, పచ్చగా మారుతుంటే ఆయన మొహం ఒక్కటే చీకట్లో ఉంది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

ఇప్పుడు పక్క బోగోలు మండలంలో, జువ్వలదిన్నె దగ్గర, ఫిషింగ్ హార్బర్ వచ్చింది. రేవు ఉన్నచోటికి ఎప్పుడో ఒకప్పుడు బాణసంచా కూడా వస్తుంది. అక్కడ సముద్రం, డీజిలు ట్యాంకులు, నైలాన్ వలలు, వంట గ్యాసు సిలిండర్లు. 2023 నవంబర్‌లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి పడవ నుంచి పడవకు నిప్పు పాకి పదుల కొద్దీ పడవలు బూడిదయ్యాయి. ఆ నిప్పు పుట్టడానికి బాణసంచా కూడా అక్కర్లేకపోయింది.

మా కమిటీ ఔట్లను అవతలి కట్టకు మార్చింది. జనరేటరు ఒడ్డుకొచ్చింది. ట్యూబులు పూర్తిగా ఆగలేదు. తెప్ప మీదికి పూజారితో కలిపి పదకొండు మంది ఎక్కుతారు. లైఫ్ జాకెట్లు నాలుగున్నాయి, నాలుగూ పెద్దవాళ్ల కొలతవే. తిరణాల లోపల ఇంకా ఏడు కావాలి. వాటిలో రెండు పిల్లలవి.