అయిదు చుక్కలు, ఎనిమిది వరసలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుమార్గంలో, వేమూరు పక్కన మా ఊరు. డెబ్బయ్యో దశకంలో అక్కడ పాతబట్టకి రెండే దారులు: అయితే స్టీలు సామాన్ల గంప, లేదా మా నాయనమ్మ ట్రంకుపెట్టె. గంప నెత్తిన పెట్టుకుని వచ్చేవాడికి నైలెక్సు చీరలన్నా, టెర్లిన్ చొక్కాలన్నా ప్రాణం. నేతచీర చూపిస్తే మూతి విరిచేవాడు. మా నాయనమ్మది సరిగ్గా ఎదురు లెక్క. “జారుడు గుడ్డ. చెమట పీల్చదు, కుట్టు పట్టదు” అని నైలెక్సు చీరలు గిన్నెలకి వదిలించుకుని, నూలుదైతే పీలికని కూడా పెట్టెలో దాచేది. ఆ బేరంలో ఇద్దరూ ఎవరికి వాళ్లే గెలిచామనుకునేవారు. నా ఓటు నాయనమ్మకే.

మినుము ఇంటికొచ్చి, వరిగడ్డి వామి పడ్డాక, ఎండలు ముదరకముందే బొంతల పని మొదలయ్యేది. బొంతంటే చిరుగులన్నీ పోగేసి కుట్టెయ్యడమే కదా అనుకుంటారు చూడనివాళ్లు. సూది పట్టకముందే సగం పని ఉండేది. చీరల్ని గంజి పూర్తిగా వదిలేదాకా నానబెట్టి, కాలవ రేవులో బండకేసి బాదాలి. గంజి మిగిలితే మొదటి వానాకాలానికే బొంత ముక్కిపోతుంది. ఆరాక ఒక్కో గుడ్డనీ వెలుతురుకి ఎత్తిపట్టి చూసేది నాయనమ్మ. చీర ముందు చివికేది కూర్చునేచోట, కుచ్చెళ్ల అడుగున. కొంగు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. చివికింది లోపలికి, గట్టిది పైకి. అంచులు ముందే కోసి విడిగా చుట్టపెట్టేది, ఆఖర్న బొంత చుట్టూ పట్టీ వెయ్యడానికి. లోపలి పొరల్లో ఎక్కువ భాగం మా తాత పంచెలే. బొంతకున్న మెత్తదనమంతా ఆయన పుణ్యం.

పంచలో చాపలు పరిచి, అడుగు చీర వేసి, నాలుగు మూలలా బరువులు పెట్టేవారు: ఒక మూల పొత్రం, ఒక మూల రోకలి, మిగతా రెండిటికీ నీళ్లు నింపిన బిందెలు. పొర మీద పొర వేస్తూ నడిమి నుంచి అంచులకి అరచేత్తో నిమరాలి. అక్కడ వదిలిన ముడత కుట్టులో గడ్డకట్టి, పడుకున్నవాళ్ల వీపుకి ఏళ్ల తరబడి తగులుతూనే ఉంటుంది. పొరలు కదలకుండా పెద్దపెద్ద టాకాలు వేశాక, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కాళ్లు చాపుకుని తలో మూలా కూర్చునేవారు. నూలు చిలపలోంచి నాలుగు పోగులు తీసి, తొడమీద పేని, మైనం రాస్తే దారం తయారు. రెండువేళ్ల ఎడంగా వరస పక్కన వరస, అంచు నుంచి చదరంగా తిరుగుతూ మధ్యకి చేరేవారు. ఏ కుట్టు ఎవరిదో నాయనమ్మ చూపుకే చెప్పేది. బారు కుట్లు వేసినవాళ్లని ఏమీ అనేది కాదు, వాళ్లు ఇంటికెళ్లాక విప్పి మళ్లీ కుట్టేది.

ఆవిడకో చట్టం ఉండేది: “జానెడు చోటు కుట్టు లేకుండా వదిలితే మూడో ఉతుక్కి లోపలి గుడ్డ ముద్ద కట్టుద్ది.” పని ముగిశాక బొటనవేలూ చిటికెనవేలూ చాచి బొంతంతా కొలుచుకుంటూ పోయేది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. మావైపు చేలు పడుకున్నాయి, పాకల కప్పులు లేచిపోయాయి. కృష్ణకి అవతల దివిసీమలో ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి, వేల ప్రాణాలు పోయాయి. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జనంలోకి వచ్చి విరాళాలు పోగుచేసింది అప్పుడే. మా ఊరికీ కుర్రాళ్లు లారీ వేసుకుని బట్టల కోసం వచ్చారు. నాయనమ్మ ట్రంకుపెట్టె తెరవలేదు. మంచాల మీదున్న బొంతలన్నీ లాగి మడిచి లారీలోకి ఎత్తించింది. “చలిరోజులు. తడిసినవాళ్లు పాతచీరలేం చేసుకుంటారు, ముందు కప్పుకోడానికుండాలి” అంది. ఆ చలికాలం మేం గోనెసంచుల మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. గోనె గుచ్చుకుంటోందని గొణిగినందుకు నాన్న చేత తిట్లు తిన్నాను కూడా.

దాంతో మరుసటి ఎండాకాలానికి ఇంటిల్లిపాదికీ కొత్త బొంతలు కావాల్సొచ్చాయి. పొరుగు ఆడవాళ్లకీ వాళ్ల వాళ్ల ఇళ్లలో అదే పని, సాయానికి వచ్చేవాళ్లు లేరు. అప్పుడు మా చిన్నత్త తన మిషను సంగతి ఎత్తింది.

చిన్నత్త టైలరింగ్ లోయర్ పరీక్షకి చదువుతుండేది. కలకత్తాలో తయారైన ఉషా మిషను ఆవిడ గదిలో కిటికీ పక్కన ఉండేది: కాలితో తొక్కేది, తోలు బెల్టుది. జాకెట్లూ లంగాలూ కుట్టుకోనిచ్చేది గానీ బొంత దగ్గరికి మాత్రం దాన్ని రానిచ్చేది కాదు నాయనమ్మ. “మిషను కుట్టు ఒక్కచోట తెగిందంటే బారంతా సర్రున ఊడొచ్చుద్ది” అనేది. ఆవిడ చూసిన మిషను కుట్టు ఎరువుల బస్తా మూతిది. దారం కొస దొరికితే చాలు, ఒక్క లాగుకి సంచి నోరు తెరుచుకుంటుంది మరి.

చిన్నత్త వాదించలేదు. ఒక పీలిక మీద గజం పొడుగు కుట్టు వేసి, నడిమిన బ్లేడుతో కోసి, “లాగమ్మా” అని చేతికిచ్చింది. నాయనమ్మ లాగింది. రెండు కుట్లు వదులై ఆగిపోయింది. బస్తా కుట్టు ఒకే దారంతో వేసిన గొలుసు. ఇంటి మిషనులో పైదారం ఒకటి, కింద బాబిన్ దారం ఒకటి. గుడ్డ మధ్యలో ప్రతి కుట్టుకీ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. నాయనమ్మ పీలికని అటూఇటూ తిప్పి చూసి, “సరే, ఒకటి కుట్టు చూద్దాం” అంది.

కుట్టు బలం సంగతి తేలింది గానీ బొంత మిషనులో పట్టడం ఎలా? సూదికీ కుడిపక్క దిమ్మకీ మధ్య జానెడు ఎడం కూడా లేదు. ఆరడుగుల బొంతని ఆ సందులోంచి పోనివ్వాలి. చిన్నత్త బొంతని రెండు వైపుల నుంచీ చాపచుట్టలా చుట్టి, పిన్నీసులు గుచ్చి, మధ్యన బెత్తెడు మాత్రం బయటికి ఉంచింది. కుడి చుట్ట దిమ్మ సందులోకి. ఎడమ చుట్ట నా ఒళ్లోకి. స్టూలు మీద కూర్చుని ఆ చుట్టని మిషను బల్ల ఎత్తున పట్టుకోవడం నా ఉద్యోగం. అది కిందికి వేలాడితే బరువుకి సూది వంగి, కింద ఇనప పలకకి తగిలి టప్పున విరుగుతుంది. పద్దెనిమిదో నంబరు మోటు సూదులు తెనాలి నుంచి తెప్పించుకోవాలి కాబట్టి, చేతులు లాగుతున్నా దించడానికి వీల్లేదు. పొరలు మందమైనచోట ఎంత తొక్కినా బెల్టు జారిపోయేది. అప్పుడు చిన్నత్త చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే దాటించేది. బొంతకి పట్టిన మిషను నూనె మరకలకి నాయనమ్మ సున్నం రాసి ఉతికేది.

మొదటి బొంతకి అన్నీ నిలువు గీతలే. రెండోదానికి చిన్నత్తకి పరీక్ష గుర్తొచ్చింది. మిషను మీద పువ్వులు కుట్టడం అందులో ఒక పాఠం. దానికి గుడ్డని పైనుంచి నొక్కే పాదాన్ని విప్పెయ్యాలి. అడుగునుంచి గుడ్డని వెనక్కి లాగే ఇనప పళ్లని చిన్న పలకతో మూసెయ్యాలి. ఇక గుడ్డని మిషను నడపదు, చెయ్యి నడుపుతుంది. చెయ్యి ముందుపోయి కాలు వెనకబడితే బారు కుట్లు. కాలు జోరై చెయ్యి ఆగితే అడుగున దారం ఉండ కడుతుంది. పాదం లేకపోయినా దాని మీట మాత్రం దించే ఉంచాలి. ఎత్తి ఉంటే పైదారానికి బిగువు ఉండదు, అడుగంతా చిక్కుపడుతుంది. బొంత మందానికి ఎంబ్రాయిడరీ చట్రం బిగించడం కుదరదు కనక, రెండు అరచేతులూ సూదికి అటూఇటూ గట్టిగా నొక్కిపట్టి గుడ్డని తిప్పేది. నా కళ్లన్నీ ఆవిడ వేళ్ల మీదే.

ఆవిడ సుద్దతో గీసింది తీగ. తీగంటే కొమ్మలుంటాయి, కొమ్మకి ఆకులుంటాయి. ప్రతి ఆకు దగ్గరా ఆగి, దారం తెంపి, వెనక ముడి వేసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఓ గంట గడిచేసరికి బొంత వెనకంతా దారాల కొసలే. నాయనమ్మ వత్తులు చేసుకుంటూ చూసి చూసి అంది:

“తెంపకుండా తిరిగొచ్చే ముగ్గులు లేవంటే? వాకిట్లో రోజూ వేస్తన్నా గదే!”

అదే మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, వాటి మధ్యగా ఐమూలగా పోతూ, అంచు తగిలినచోట ఒంపు తిరిగి, మొదలుపెట్టినచోటికే వచ్చి కలిసే గీత. పిండి పట్టిన చెయ్యి ఎత్తకుండా వేసేదాన్ని దారం తెంపకుండా కుట్టలేమా? అయితే ప్రతి ముగ్గూ ఒకే గీతతో ముగియదు. నాలుగు వరసల్లో నాలుగేసి చుక్కలు పెడితే నాలుగు విడి గీతలొస్తాయి. ఆరుకి నాలుగైతే రెండు. ఏది ఒంటిగీత అవుతుందో నాయనమ్మ చేతికే తెలుసు. హైస్కూల్లో గ.సా.భా. లెక్కలొచ్చాక కాగితం మీద గీసి చూసుకున్నాను: వరసల సంఖ్యకీ చుక్కల సంఖ్యకీ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని. మా నాయనమ్మకి అంకెలు రాయడం రాదు.

ఆవిడ ఎంచింది ఎనిమిది వరసలు, వరసకి అయిదు చుక్కలు. చుక్కకీ చుక్కకీ మధ్య జాన. చీర పన్నా అడ్డంగా అయిదు జానలు, పొడుగు ఎనిమిది, బొంతకి అతికినట్టు సరిపోయింది. అయిదుకీ ఎనిమిదికీ ఉమ్మడి భాజకం ఒకటే కనక గీత కూడా ఒక్కటే. అది ఇరవై ఆరుచోట్ల అంచుకి తగిలి వెనక్కి మళ్లుతుంది, అరవై ఏడుచోట్ల తనని తానే దాటుతుంది.

కాగితం మీద బాగానే ఉంటుంది. మిషను దగ్గర ప్రతి ఒంపుకీ బొంతని విప్పి కొత్త దిక్కుకి చుట్టాలి. సూదిని గుడ్డలోకి దించి వదిలేసి, అది మేకై పట్టుకుని ఉంటే, చుట్టూ మేమిద్దరం బొంతని తిప్పేవాళ్లం. బాబిన్ నడిమిలో అయిపోయేది, అక్కడ మాత్రం తెంపక తప్పేది కాదు. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యకి తోసుకొస్తాయని, నడిమి కూడలిలో సూది దించి బయల్దేరింది చిన్నత్త. గీత తిరిగొచ్చి అదే కూడలిలో కలిసిన సాయంత్రం నాయనమ్మ తన జానతో కొలిచింది. ప్రతి గడిలోనూ మూల నుంచి మూలకి సరిగ్గా జాన.

“జానకి జాన సరిపోయింది. మిగులేదీ?” అంది.

చిన్నత్త ఏమీ అనకుండా మర్నాడు ఆ గీత పక్కనే బొటనవేలి ఎడంతో రెండో గీత పట్టింది. మళ్లీ ఇరవై ఆరు ఒంపులు. జంటగీత పడేసరికి మెలిక తాడు పేనినట్టు ఉబ్బి, మధ్యలో గడులు పైకి పొంగి కనిపించాయి. అందం కోసం ఎవరూ అనుకుని చేసింది కాదది. ఆ గీతలు పొరలు జారకుండా పట్టడానికి వేసినవే, తెంపకుండా పోవడానికి ఎంచుకున్నవే. నేను తర్వాత చూసిన చాలా దుప్పట్ల మీది పువ్వులకి ఆ పనే ఉండదు, ఊరికే కూర్చుని ఉంటాయి.

ఊళ్లో ఆ బొంత మీద పెద్ద తగువే నడిచింది. ముగ్గు మీద పడుకోవచ్చా అని ఒకావిడ అడిగింది. “వాకిట్లో వేసింది తొక్కుకుంటా పోవట్లా?” అని నాయనమ్మ ఒక్కమాటతో తేల్చేసింది. తర్వాత అడిగిన ఆవిడే తన పాతచీరల మూట తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆ ఎండాకాలం చిన్నత్త కూలి మినుముల్లో తీసుకుంది. చంటిపిల్లల బొంతలకి మాత్రం ఏమీ పుచ్చుకునేది కాదు. వాటికి అయిదుకి నాలుగు చుక్కలు, ఒకటే ఒంటిగీత.

చిన్నత్త లోయరూ హయ్యరూ రెండూ ప్యాసై క్రాఫ్ట్ టీచరుగా వెళ్లింది. ఊళ్లో బొంతలు తగ్గడానికి కారణం మాత్రం ఆవిడ వెళ్లిపోవడం కాదు, నూలు చీర వెళ్లిపోవడం. ఇంట్లో పాతబడేవన్నీ జారుడు గుడ్డలే అయ్యాక పెట్టెలో ఏం దాస్తారు? పానిపట్టు కంబళ్లు వచ్చాక ఆ బాధా లేదు. అవి ఉతికి ఎండేసరికి రెండురోజులు పడుతుందని మా అమ్మ సణుగుడు మాత్రం మిగిలింది.

మొన్న చిన్నత్తని చూడ్డానికి వెళ్లినప్పుడు, అమెరికాలో లాంగ్‌ఆర్మ్ మిషను మీద బొంతకి డిజైన్లు కుట్టే వీడియో చూపించాను. బొంతని రెండు రోలర్ల మధ్య బిగించి కట్టేస్తారు, అది కదలదు. మిషనే పట్టాల మీద అటూఇటూ తిరుగుతూ ఈకలూ, సుడులూ, తీగలూ గీసుకుంటూ పోతుంది. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది. ఆకు దగ్గర దారం తెంపకుండా వచ్చినదారినే వెనక్కి కుట్టుకుంటూ తీగ మీదికి రావడం చూసి, “ఇది మనకి తట్టలేదురా” అంది. కాసేపాగి మళ్లీ అంది:

“మిషను కింద చక్రాలు కట్టి తిప్పుతున్నారంటే, పాపం, చుట్ట పట్టుకోడానికి వీళ్లకి మేనల్లుడు లేనట్టుంది.”