నేనూ నేనూ ఒకరమే

నాన్న 2022లో పోయారు. పెద్దకర్మ అయిన వారానికి అమ్మ బీరువాలోంచి నాలుగు లక్షల డిపాజిట్ బాండు తీసి నా చేతిలో పెట్టింది. నామినీని నేనే. "హైదరాబాదు పోయేలోగా ఈ పని చూసుకోవే" అంది. రెండు రోజుల పని అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది.

బ్యాంకు కౌంటర్లో ఉన్నాయన బాండునూ నా ఆధార్‌నూ పక్కపక్కన పెట్టాడు. బాండు మీద నా పేరు ముందు 'కె' ఉంది, ఆధార్‌లో 'వి'.

"ఈవిడెవరండీ?"

"నేనే."

"మరి ఈవిడ?"

"అదీ నేనేనండీ."

వెనకాల క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న పోయి అప్పటికి పద్దెనిమిది రోజులు.

నా పెళ్లి 2013లో అయింది. మరుసటేడు రేషన్ కార్డులో నన్ను చేర్పించేటప్పుడు మా మరిది, "వదినా, పనిలో పనిగా ఆధార్‌లో ఇంటిపేరు కూడా మార్పించేద్దాం" అన్నాడు. కాదనలేదు. కొత్త కోడల్ని, పైగా నిజం చెప్పాలంటే ముచ్చటగానే అనిపించింది. పాన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, నాన్న రాయించిన నామినేషన్ మాత్రం పాత ఇంటిపేరుతోనే ఉండిపోయాయి. మనవైపు ఇంటిపేరును ముందు ఒక అక్షరంగా రాసేస్తాం కదా, అక్షరమే కదా మారింది, ఏమవుతుందిలే అనుకుంటాం. కంప్యూటరుకు మాత్రం ఆవిడ వేరే మనిషి.

నోటరీ దగ్గర స్టాంపు పేపరు మీద, కె. ఫలానా, వి. ఫలానా ఒకరేనని రాయించి సంతకం పెట్టాను. ఏ సంతకం పెట్టాలో తెలియక పెన్ను పట్టుకుని కాసేపు ఆగిపోయాను. చివరికి రెండూ పెట్టించుకున్నాడాయన. అది చూసి బ్యాంకువాళ్లు, "ఇది సరిపోదమ్మా, మ్యారేజ్ సర్టిఫికెట్ తెండి" అన్నారు.

మా పెళ్లి రిజిస్టరే కాలేదు. పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటూ మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. ముహూర్తం నిమిషాలతో సహా లెక్కగట్టిన పెద్దల్లో ఒక్కరికీ ఆ సంగతి పట్టలేదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో శుభలేఖ, పెళ్లి ఫొటో, ముగ్గురు సాక్షులు కావాలన్నారు. తొమ్మిదేళ్ల నాటి శుభలేఖ ఎవరు దాస్తారు? నలుగురు చుట్టాలకు ఫోన్లు చేస్తే పెద్దమ్మ ఇంట్లో, పాత కాసెట్ల పెట్టెలో ఒకటి దొరికింది. మూలల పసుపు ఇంకా వదల్లేదు. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "చి.ల.సౌ. అని ఉంది, పేరుంది. ఇంటిపేరేదమ్మా?" అన్నాడు. నిజమే, లేదు. పైగా ఉన్నది ఇంట్లో పిలిచే పేరు. ప్రెస్సులో దగ్గరుండి అచ్చు వేయించింది నాన్నే. ఆ కార్డు చూస్తుంటే ఆయన మీద కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

పదో తరగతి సర్టిఫికెట్ జతచేస్తే మూడోసారికి పని అయింది. మా ఆయన రెండుసార్లు సెలవు పెట్టుకుని వచ్చారు, విసుక్కోలేదు. అయితే పెళ్లి ఇద్దరికీ జరిగింది, ఆయన కాగితాల్లో ఒక్క పొల్లు కూడా మారలేదు. నాకు మండింది అక్కడే.

ఈలోగా పాన్–ఆధార్ లింకు గొడవ. వెయ్యి రూపాయల రుసుము కట్టాక చూస్తే పేర్లు సరిపోలేదని వచ్చింది. మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టి పాన్‌లో పేరు మార్పించాకే అదీ తెమిలింది. పదో తరగతి సర్టిఫికెట్ జోలికి నేను పోలేదు. అందులో నాన్న ఇంటిపేరు అలాగే ఉంది, ఉండనీ.

డబ్బు చేతికొచ్చిన రోజున అమ్మ, "ఎన్నిసార్లు తిరిగావే" అంది. పదకొండుసార్లు.

పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పదు. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండేసార్లు, అందులో ఒకటి నేను మరిది మాట మీద వాడేశాను. మీ ఇంట్లో పెళ్లి కుదిరిన పిల్ల ఉంటే ఈ మాట ముందే చెప్పండి. శుభలేఖ మీద ఆమె పేరు సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా వేయించండి. ఒక కార్డు దాచండి.