మణుగూరు ఎండలో ఓర్చాటా

కొత్తగూడెంలో బస్సెక్కితే పాల్వంచ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చాలాసేపు వెంట వస్తాయి. సారపాక దగ్గర కాగితపు మిల్లు, అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం. ఆ తర్వాత కాసేపు అడవి. అడవి అంచున బొగ్గు. గోదావరి ఒక పక్కన ఉన్నదని తెలుస్తూనే ఉంటుంది గాని, ఏప్రిల్ నెలలో దాని చల్లదనం రోడ్డు దాకా రాదు. ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి తవ్విపోసిన మట్టి కొండలై నిలబడి, పగలంతా ఎండను తాగి, రాత్రంతా ఊరి మీదికి వదులుతున్నట్టుంటుంది. మా ఆపా మణుగూరుకు కాపురానికి వచ్చి ఇరవై అయిదేళ్ళు దాటింది. దూల్హాభాయి గనిలో డంపర్ నడుపుతారు. ఇన్నేళ్ళలో నేను వేసవిలో అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి.

అది 2022, రంజాన్ చివరి పది రోజులు. ప్రయాణంలో సడలింపు ఉన్నా ఉపవాసం విడవబుద్ధి కాలేదు. మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఆపా నన్ను చాప మీద పడుకోబెట్టి, తడిగుడ్డ నుదుటి మీద వేసి, ఆ తర్వాత కొంగుముడి విప్పి మడతలుపెట్టిన కాగితం ఒకటి చూపించింది.

"చిన్నోడు ఫోన్‌లో చెబుతుంటే రాసుకున్నాను. నువ్వు చదువుకున్నదానివి, ఇదేమిటో సరిగ్గా చూడు."

చిన్నోడంటే ఆపా రెండో కొడుకు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర ఉద్యోగం. వెళ్ళి నాలుగేళ్ళయింది. వీసా ముద్ర వ్యవహారం తేలక ఒక్కసారీ రాలేకపోయాడు. నాలుగు రంజాన్‌లు, నాలుగు పండుగలు అక్కడే గడిచాయి. అతని గది పక్కన మెక్సికో వాళ్ళ చిన్న భోజనశాల ఉన్నదట. మాంసం సంగతి తెలియదు గనక అక్కడ ఏమీ తినడు. కాని ఇఫ్తార్‌కు అక్కడి నుంచి పెద్ద గ్లాసుడు తెల్లటి పానీయం ఒకటి తెచ్చుకుంటాడు. దాని పేరు ఓర్చాటా. బియ్యం, దాల్చినచెక్క, చక్కెర, నీళ్ళు. "అమ్మీ, మన ఫిర్నీని చల్లటి నీళ్ళలో కలుపుకుని తాగినట్టుంటుంది" అని చెప్పాడట. కొడుకు నాలుగేళ్ళుగా దేనితో ఉపవాసం విరమిస్తున్నాడో దాని రుచి తనకు తెలియాలని ఆపా కోరిక. అంతకు మించి ఆమె ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఓర్చాటా గురించి నాకు అంతకుముందు కొంత తెలుసు. అది మెక్సికోలో పుట్టలేదు. స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో నేటికీ ఆ పేరుతోనే ఒక పానీయం అమ్ముతారు. అయితే దానిని బియ్యంతో చేయరు. మన పొలాల్లో రైతులు తిట్టుకుంటూ పీకే తుంగ ఉన్నది కదా, దాని దగ్గరి జాతి మొక్కకు తియ్యని చిన్న గడ్డలు కాస్తాయి. వాటిని నానబెట్టి, రుబ్బి, వడగడతారు. అరబ్బులు ఆ గడ్డను హబ్బుల్ అజీజ్ అంటారు. ప్రాచీన ఈజిప్టు సమాధుల్లో సైతం అవి దొరికాయి. ఉత్తరాఫ్రికా మీదుగా వాటిని స్పెయిన్ నేలకు తెచ్చింది ముస్లిములేనని చెబుతారు. వలెన్సియా 1238 వరకు ముస్లిముల పాలనలో ఉన్నది. వరి సాగును, చెరకును, కాలువల పద్ధతిని అక్కడ పెంచినది వారే. స్పానిష్ భాషలో నేటికీ బియ్యాన్ని అర్రోస్ అంటారు, అది అరబ్బీ అర్‌రుజ్. చక్కెరను అసూకర్ అంటారు, అది అస్సుక్కర్. కాలువను అసేకియా అంటారు, అది అస్సాఖియా. పాకాన్ని హరాబే అంటారు, అది మన షరాబ్, షర్బత్‌ల చుట్టమే. 1492లో గ్రనడా పోయింది. 1521లో స్పెయిన్ సైన్యం మెక్సికోను పట్టుకున్నది. వాళ్ళతోబాటు వరి సముద్రం దాటింది. గడ్డ స్థానంలో బియ్యం వచ్చి చేరింది. దాల్చినచెక్క మాత్రం మన పక్కనున్న సిలోన్‌ది. మెక్సికో ఇల్లాళ్ళు నేటికీ ఆ పలుచని చెక్కనే కోరి కొంటారు.

ఇదంతా చెబుతుంటే ఆపా విన్నది. చివరకు "అయితే మనదే అన్నమాట" అన్నది. అంత సులభంగా మనది అనేయడం నాకు సమ్మతం కాదు. తుంగగడ్డకు బదులు బియ్యం పోసి, సిలోన్ చెక్క వేసి దానిని ఇప్పటి రుచికి తెచ్చింది మెక్సికో ఇల్లాళ్ళు. కాని ఆ మధ్యాహ్నం వాదించే ఓపిక లేదు.

కాగితంలో వెనిలా ఎసెన్స్ ఒక చెంచా అని ఉన్నది. ఆ పద్దు నేనే కొట్టివేశాను. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ అన్న పేరుతో అమ్మాలంటే అందులో ఆల్కహాల్ 35 శాతానికి తగ్గకూడదని అమెరికా నిబంధన. దాని గురించి పండితుల మాటలు వేరువేరుగా ఉండవచ్చు. దాల్చినచెక్క ఉండగా ఆ వాసనతో మనకేమి పని? చిన్నోడు కూడా దుకాణంలో ముందు ఆ సంగతి అడిగి తెలుసుకున్నాకే తాగడం మొదలుపెట్టాడట. అది విని ఆపా కళ్ళు తుడుచుకున్నది.

మొదటి ప్రయత్నం పాడైంది. తప్పు నాదే. కాగితంలో "రాత్రంతా నానబెట్టాలి" అని ఉన్నది. ఆ మాట చల్లటి గదుల్లో ఉండే వంటింటికి రాసినదని నాకు తోచలేదు. ఇషా తర్వాత నానబెట్టి, మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా రుబ్బి, స్టీలు గిన్నెలో మూతపెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. అజాన్‌కు పది నిమిషాల ముందు మూత తీస్తే నురగ. ముక్కుకు పులుపు తగిలింది. దూల్హాభాయి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం అందరం రూహ్ అఫ్జాతోనే సరిపెట్టుకున్నాం. ఆ గిన్నెడూ జామచెట్టు మొదట్లో పోశాను. కోపం ఎండ మీద చూపించాను.

మరునాడు తునికిపళ్ళ గంప ఎత్తుకుని ఒక కోయ అమ్మ వచ్చింది. ఆపాకు ఏళ్ళ తరబడి పరిచయం. జొన్నజావ పోసిన సొరకాయ బుర్ర ఆమె భుజానికి వేలాడుతున్నది. ఎంత ఎండలోనైనా బుర్రలో జావ చల్లగా ఉంటుంది. సంగతి విని నవ్వింది.

"నానిన బియ్యం ఈ ఎండల్లో రాత్రి నుంచి మళ్ళీ రాత్రి దాకా ఆగుతుందా అక్కా? పొద్దున పోసుకున్నది పొద్దుగూకే లోపల తాగేయాలె. ఇప్పపువ్వు కూడా అంతే. ఉడకబెట్టుకుంటే తిండి. కుండల మురగబెడితే సారా. రోజులే తేడా."

ఆ మాటతో నాకు నబీజ్ గుర్తుకొచ్చింది. దైవప్రవక్త (స) ఇంట్లో ఖర్జూరాలో, ఎండుద్రాక్షలో నీళ్ళలో నానబెట్టేవారు. పొద్దున నానబెట్టినది ఆయన రాత్రివేళ, రాత్రి నానబెట్టినది పొద్దున సేవించేవారని ఆయిషా (రజి) తెలిపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. మూడు రోజులు దాటితే మిగిలినది పారబోయించేవారన్న ఉల్లేఖనం కూడా ఉన్నది. ఎన్నిసార్లు చదివానో! పానీయానికీ మత్తుకూ మధ్యనున్నది వేళ పాటించడమేనని జామచెట్టు మొదట్లో పోశాక గాని నాకు పట్టలేదు.

ఈసారి జుహర్ నమాజు తర్వాత మొదలుపెట్టాం. గ్లాసుడు బియ్యం కడిగి, రెండంగుళాల దాల్చినచెక్క విరిచి వేసి, తొక్కతీసిన బాదంపప్పులు పది చేర్చి, రెండు గ్లాసుల వేడినీళ్ళు పోశాం. చల్లారాక గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టాం. నాలుగు గంటలు చాలు. అస్ర్ నమాజయ్యాక ఆ నీళ్ళతోనే మిక్సీలో మెత్తగా రుబ్బి, పాత మల్లుగుడ్డలో వడగట్టాం. పిండడం ఆపా పని, ఆమె వేళ్ళలో నా కంటే బలమున్నది. మరో మూడు గ్లాసుల చల్లటి నీళ్ళు, అర గ్లాసు చక్కెర, చిటికెడు ఉప్పు. ఉప్పు కాగితంలో లేదు, అది మణుగూరు చెమటకు మేము వేసుకున్నది. మిగిలిన పిప్పిని పారేయవద్దు. కాస్త పాలు, చక్కెర వేసి ఉడికిస్తే సహరీకి పిల్లలకు పనికొస్తుంది.

ఆరున్నరకు అజాన్ అయింది. ఖర్జూరం నోట వేసుకుని ఆపా గ్లాసెత్తింది. ఒక గుక్క తాగి ఏమీ అనలేదు. దూల్హాభాయి మాత్రం "గొంతులో బొగ్గుపొడి కడిగినట్టుంది" అని రెండో గ్లాసు అడిగారు. వీడియో కాల్‌లో చిన్నోడు కనిపించాడు. అక్కడ ఉదయం ఎనిమిది. సహరీ ముగిసి, ఉపవాసంతో ఉద్యోగానికి బయలుదేరుతున్నాడు. తల్లి తాగుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు లెక్క తెలిసింది. అతను రాత్రి ఎనిమిదింటికి ఇఫ్తార్ చేసేసరికి ఇక్కడ తెల్లవారి ఆరున్నర, ఆపా నోరు కట్టుకుని ఉంటుంది. ఆపా విరమించేసరికి అతను ఉపవాసంలో ఉంటాడు. రంజాన్ నెలంతా తల్లీకొడుకులు ఒకేసారి ఒక గుక్క తాగే వేళే లేదు. ఆపా ఆ సంగతి నా కంటే ముందే గ్రహించినట్టున్నది. "పండుగ రోజు చూద్దాం" అన్నది.

నేను నెలాఖరున ఖమ్మం వచ్చేశాను. ఆ ఏడాది అమెరికాలో పండుగ మే 2న, మనకు నెలవంక కనబడక మే 3న వచ్చింది. తేదీలు వేరైనా ఆపాకు అదే కలిసివచ్చింది. చిన్నోడికి పండుగ రాత్రి ఎనిమిది గంటలైతే, ఆపాకు పండుగ తెల్లవారి ఆరున్నర. ఈద్‌గాహ్‌కు వెళ్ళేముందు తీపి నోట వేసుకునే వేళ. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో నానబెట్టి, ఫజర్ నమాజు కాగానే రుబ్బిందట. నేనూ ఇక్కడ అలాగే చేశాను. ముగ్గురం ఒకే కాల్‌లోకి వచ్చాం. చిన్నోడి చేతిలో దుకాణపు గ్లాసు, ఆపా చేతిలో స్టీలు గ్లాసు.

ఆపా గ్లాసు పెదవుల దాకా తెచ్చేసరికి చిన్నోడు కంగారుపడ్డాడు.

"ఆగమ్మీ, పిండి అడుగున పేరుకుంటుంది. ముందు కలుపుకో."

ఆపా చెంచా కోసం వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ అతను, ఇక్కడ నేను, గ్లాసులు పట్టుకుని ఆమె కోసం ఆగాం.