నొప్పి చెప్పని కార్జం



ముప్పది యేండ్లు బడిలో పర్యాయపదాలు చెప్పినవాణ్ణి. సంస్కృతంలో యకృత్తు, పాఠ్యపుస్తకంలో కాలేయం, మా లింగాల ఘనపూర్‌లో కార్జం. పేర్లన్నీ తెలుసు గాని, జబ్బు ముదిరేదాకా అది నొప్పి చెప్పదన్న సంగతి మా అన్నయ్య పోయేదాకా తెలియలేదు.

1998లో అన్నయ్య కళ్ళు పచ్చబడ్డాయి. పసిరికలన్నారు, పసరు పోయించాము. కడుపులో నీరు చేరిన తరువాత గాని పట్నం తీసికొని పోలేదు. అప్పటికే కాలేయంలోని గడ్డ రక్తనాళంలోకి పాకింది. మూలం హెపటైటిస్-బి అన్నారు. మూడు నెలలు గడవలేదు.

ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయిస్తే నాలోనూ అదే బయటపడింది. పుట్టుకతో అమ్మ నుండి వచ్చిందో, ఒకే సూది పదిమందికి వేసిన కాలంలో వచ్చిందో చెప్పలేమన్నారు. అంతకు ముందటేడు, 1997లోనే, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారి టీకా వచ్చింది. పిల్లలకు వేయించాను. నాకది పనికిరాదు, వైరస్ అప్పటికే ఒంట్లో ఉన్నది కదా!

కాలక్రమాన నా కాలేయం గట్టిపడింది. సిరోసిస్ అన్నారు. రోజూ వేసికొనే టెనోఫోవిర్ మాత్ర వైరస్‌ను అణచుతుంది; క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుందే గాని తుడిచివేయదు. అందుకే ఆరునెలలకొకమారు జనగామలో రైలెక్కి సికింద్రాబాదు పోయి అల్ట్రాసౌండు, ఏ.ఎఫ్.పి. రక్తపరీక్ష చేయించుకొంటున్నాను.

2023లో ఒకమారు బద్ధకించాను. ఆకలి బాగుంది, నడక బాగుంది, ఎందుకీ ప్రయాణమనుకొన్నాను. నా శ్రీమతి ఊరుకోలేదు. రక్తపరీక్ష సవ్యంగానే వచ్చింది. అల్ట్రాసౌండులో మాత్రం రెండు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. రంగుమందు ఎక్కించి సీటీ తీశారు. మందు ధమనిలో పారే క్షణంలో గడ్డ చుట్టుపక్కల కన్న మెరిసి, తరువాత వెలవెలబోయింది. సిరోసిస్ ఉన్నవారిలో ఈ గుర్తు స్పష్టంగా కనిపిస్తే, ముక్క తీసి చూడకుండానే క్యాన్సరని నిర్ధారించవచ్చునట.

గడ్డ పరిమాణాన్ని, మిగిలిన కాలేయపు సత్తువను బట్టి దారులు వేరు: కోసి తీయడం, కాలేయమార్పిడి, గడ్డకు పోయే నాళంలోకే మందు పంపి దారి మూయడం, ముదిరితే ఇమ్యునోథెరపీ వంటి మందులు. నాది చిన్నది గనుక సూది గుచ్చి వేడితో కాల్చివేశారు. అయినా నేల అదే కదా, కలుపు మళ్ళీ మొలవవచ్చును. అందుకే పరీక్షలు మానలేదు.

మా వీథిలో నా పాత శిష్యుడొకడున్నాడు. తాగుడు మానినా సిరోసిస్ మిగిలింది. స్కానింగుకు రమ్మంటే, "నాకేం నొప్పి లేదు గద సారూ, ఉత్తగ పైసలెందుకు?" అంటాడు. మా అన్నయ్యకూ నొప్పి లేదురా అన్నాను. ఏమీ అనలేదు. మొన్న సాయంత్రం వచ్చి, "సారూ, మీరు పొయ్యేటప్పుడు నాకు గూడ టికెట్ తియ్యుండ్రి" అన్నాడు.

వచ్చే సోమవారం ఇద్దరమూ పోతున్నాము.